తెలుగు విద్యార్థులకు జర్మన్ నేర్పడం: కొత్త టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో జర్మన్ తరగతికి ఇప్పుడు రకరకాల వాళ్ళు వస్తున్నారు. ఎమ్మెస్‌కి వెళ్ళాలనుకునే ఇంజనీరింగ్ పిల్లలు, జర్మనీ ఆస్పత్రుల్లో ఉద్యోగం కోసం వెళ్ళే నర్సులు, అక్కడున్న భర్త దగ్గరికి వెళ్ళే ముందు ఏ1 (భాషలో మొదటి మెట్టు) పరీక్ష పాసవ్వాల్సిన కొత్త పెళ్ళికూతుళ్ళు, స్కూల్లో ఇంకో భాషగా జర్మన్ తీసుకున్న ఏడో తరగతి వాళ్ళు. వీళ్ళకు నేర్పే పనిలోకి కొత్తగా వచ్చిన టీచర్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలివి. చాలా ఏళ్ళుగా ఈ తరగతులు చెబుతూ నేర్చుకున్నదే జవాబులుగా రాశాను. ఫ్రెంచ్, జపనీస్ చెప్పేవాళ్ళకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

తరగతిలో ఏ భాష మాట్లాడాలి? జర్మనా, ఇంగ్లీషా, తెలుగా?

వీలైనంత ఎక్కువ జర్మన్. అమెరికాలో విదేశీ భాషల టీచర్ల సంఘం యాక్ట్‌ఫుల్ తరగతి సమయంలో 90 శాతం, అంతకన్నా ఎక్కువ, నేర్పే భాషలోనే సాగాలని చెబుతుంది. ఆ మాటతో నాకు పేచీ లేదు. వారానికి ఐదారు గంటలు మాత్రమే జర్మన్ చెవిన పడే ఊళ్ళో ఉంటూ, ఆ గంటల్లో కూడా మనం ఇంగ్లీషులో వివరణలు ఇస్తూ కూర్చుంటే పిల్లలకు మిగిలేది ఏమీ ఉండదు.

నా పట్టింపంతా మిగిలిన 10 శాతం గురించే. అది తెలుగుకి ఇవ్వండి. మన దగ్గర దాదాపు అందరూ దాన్ని ఇంగ్లీషుకి ఇస్తారు, ఎందుకంటే పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, మనం నేర్చుకున్నదీ ఇంగ్లీషు ద్వారానే. దీనివల్ల ఎంత నష్టమో ఒక్క ఉదాహరణ చూడండి. ‘నాకు చలిగా ఉంది’ అనడానికి జర్మన్‌లో ‘మీర్ ఇస్ట్ కల్ట్’ అంటారు. ‘మీర్’ అంటే ‘నాకు’. మన తెలుగు వాక్యం ఎలా ఉందో అదీ అలాగే ఉంది. ఇంగ్లీషు ద్వారా ఆలోచించిన పిల్లవాడు ‘ఐ యామ్ కోల్డ్’ని పట్టుకుని ‘ఇహ్ బిన్ కల్ట్’ అంటాడు. జర్మన్ వాళ్ళకు అది ‘నేను మనసులేని మనిషిని’ అన్నట్టు వినిపిస్తుంది. తెలుగులో ఆలోచించి ఉంటే ఆ తప్పు జరిగేదే కాదు.

ఇలాంటి చోట అరగంట వ్యాకరణం అక్కర్లేదు. బోర్డు మీద రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి రాసి, ‘నాకు’ కింద, ‘మీర్’ కింద గీత గీయండి. రెండు నిమిషాలు చాలు. వెంటనే మళ్ళీ జర్మన్‌లోకి వెళ్ళిపోండి.

తెలుగు ఇంకా ఎక్కడెక్కడ సాయపడుతుంది?

మీరు అనుకునేదానికన్నా చాలా చోట్ల.

మొదటిది పైన చెప్పిన ‘కు’ విభక్తి. ‘ఆ ఇల్లు నాకు నచ్చింది’ అంటే ‘డస్ హౌస్ గెఫెల్ట్ మీర్’. ‘నాకు తల నొప్పిగా ఉంది’ అంటే ‘మీర్ టూట్ డేర్ కోప్ఫ్ వే’. నచ్చడం, రుచించడం, నొప్పి పుట్టడం, బాగుండడం, ఇవన్నీ మనకు జరుగుతాయే తప్ప మనం చేయం అన్న భావన రెండు భాషల్లోనూ ఉంది. చతుర్థీ విభక్తి అని స్కూల్లో చదువుకున్నది ఇన్నాళ్ళకు ఉపయోగపడిందని మా తరగతిలో ఒక ఇంజనీరు ఎంత సంబరపడ్డాడో!

రెండోది క్రియ చివర రావడం. ‘అతను రేపు వస్తాడని నాకు తెలుసు’లో ‘అతను రేపు వస్తాడు’ అన్న ముక్క తీసుకోండి. జర్మన్‌లో ‘ఇహ్ వైస్, డస్ ఏర్ మోర్గెన్ కొమ్ట్’. ‘ఇహ్ వైస్’ నాకు తెలుసు, ‘డస్’ అని, ‘ఏర్’ అతను, ‘మోర్గెన్’ రేపు, ‘కొమ్ట్’ వస్తాడు. మాట పక్కన మాట పెడితే వరుస ఒక్కటే. ఇంగ్లీషు అలవాటైన వాళ్ళు ‘డస్’ తర్వాత క్రియను చివరికి నెట్టడానికి నెలల తరబడి తంటాలు పడతారు. మనకు అది పుట్టుకతో వచ్చిన వరుస. ‘వైల్’ (ఎందుకంటే) తర్వాత కూడా ఇంతే. అయితే మామూలు వాక్యంలో క్రియ రెండో స్థానంలో ఉండాలన్న నియమం మనకు కొత్త. కాబట్టి తెలుగువాళ్ళకు అసలు కష్టం మొదటి నెలలోనే వస్తుంది, తర్వాత దారి సులువవుతుంది. ఈ మాట మొదటి రోజే పిల్లలకు చెప్పండి, ధైర్యంగా ఉంటుంది.

మూడోది నువ్వు, మీరు. ‘డూ’, ‘జీ’ల తేడా వివరించడానికి ఇంగ్లీషులో అయితే పేజీలు కావాలి. తెలుగులో ‘డూ అంటే నువ్వు, జీ అంటే మీరు’ అంటే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పండి. మనం వయసు చూసి ‘మీరు’ అంటాం. అక్కడ పరిచయం చూసి అంటారు. బ్యాంకులో ఇరవై ఏళ్ళ కుర్రాడినైనా ‘జీ’ అనే పిలవాలి. ఆఫీసులో యాభై ఏళ్ళ మనిషి ‘డూ అనండి’ అంటే మొహమాటపడకుండా అనేయాలి.

నాలుగోది సమాసాలు. జర్మన్ పొడుగు మాటలు చూసి అందరూ హడలిపోతారు. పూలతోట, వంటిల్లు, చేపలకూర చెప్పించండి. చివరి మాటే అసలు వస్తువు, ముందున్నది దాని రకం. జర్మన్‌లోనూ అంతే. ‘క్రాంకెన్‌హౌస్’లో ‘హౌస్’ ఇల్లు, ‘క్రాంకెన్’ రోగులు. రోగుల ఇల్లు, ఆస్పత్రి. లింగం కూడా చివరి మాటదే. ఎంత పొడుగు మాటైనా చివరి నుంచి వెనక్కి చదవడం అలవాటు చేస్తే భయం పోతుంది.

మరి తెలుగు అడ్డుపడే చోట్లు?

ముఖ్యంగా ఉచ్చారణ. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్‌ని బస్సు, రోడ్‌ని రోడ్డు చేసుకున్నాం. ఆ అలవాటే ‘టిష్’ (బల్ల) అన్న మాటని ‘టిష్షు’ చేస్తుంది. దీనికి నేను చప్పట్లు వాడతాను. ‘టిష్’కి ఒక్క చప్పట. ఎవరైనా ‘టిష్షు’ అంటే చేతులు రెండో చప్పట అడుగుతాయి, వాళ్ళకే తెలిసిపోతుంది. మనం నోరు తెరిచి తప్పని చెప్పక్కర్లేదు.

‘u’ మీద రెండు చుక్కలు పెట్టిన అక్షరానికి (ü) చిట్కా: ‘ఈ’ అంటూనే పెదాలను మాత్రం ‘ఊ’ లాగా గుండ్రంగా చేయమనండి. నాలుక కదలకూడదు. అలాగే ‘ఏ’ అంటూ పెదాలు ‘ఓ’ లాగా పెడితే ‘o’ మీద చుక్కలు పెట్టినది (ö) వస్తుంది. చిన్న అద్దం తెచ్చుకోమనండి. ఈ తేడా పట్టించుకోకపోతే ‘ఇప్పటికే’ అన్న మాటకీ (schon) ‘అందమైన’ అన్న మాటకీ (schön) తేడా ఉండదు.

‘జెడ్’ అక్షరం మాత్రం మనకు వరం. జర్మన్‌లో దాన్ని ‘ట్స’ అని పలుకుతారు. ఇంట్లో పెద్దవాళ్ళు ‘చాలా’, ‘చుక్క’ అనేటప్పుడు పలికే దంత్య చ, పాత పుస్తకాల్లో ౘ అని రాసేది, అదే ఈ ధ్వని. ‘ట్సూక్’ (రైలు) నేర్పేటప్పుడు ‘చుక్క’ అనమనండి, అక్కడి నుంచి ‘ట్సూక్’కి తీసుకురండి. నాయనమ్మ నోట విన్న ధ్వని జర్మన్‌లో దొరికిందంటే వాళ్ళ మొహాలు వెలిగిపోతాయి.

అంకెలు ఇంకో ఇబ్బంది. 47ని ‘ఏడూ నలభై’ అన్నట్టు తిరగేసి చెబుతారు. దీని గురించి చివర్లో చెబుతాను.

మొదటి రోజు ఏం చేయాలి? అక్షరాలతో మొదలుపెట్టాలా?

వద్దు. మొదటి గంట బోర్డు జోలికే వెళ్ళకండి. తలుపు దగ్గర నిలబడి వచ్చిన ప్రతి ఒక్కరికీ ‘గూటెన్ టాక్’ చెప్పండి, మీ పేరు చెప్పి వాళ్ళ పేరు అడగండి. అర్థం కాకపోయినా సందర్భం చెబుతుంది. పావుగంటలో గదిలో అందరూ ఒకరినొకరు పేరడుగుతూ తిరుగుతుండాలి. గంట అయ్యేసరికి ప్రతి ఒక్కరూ నాలుగు వాక్యాలు తడబడకుండా చెప్పగలిగితే, ఇంటికెళ్ళి అమ్మకి చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. అక్షరాలు రెండో రోజు, తమ పేరు ఫోన్‌లో స్పెల్లింగ్ చెప్పే పని ఇచ్చి నేర్పండి.

మొదటి వారంలోనే నాలుగు ప్రాణరక్షక వాక్యాలు గోడకు అంటించండి: ‘నాకు అర్థం కాలేదు’, ‘ఇంకోసారి చెప్పండి’, ‘నెమ్మదిగా చెప్పండి’, ‘దీన్ని జర్మన్‌లో ఏమంటారు?’ ఇవి జర్మన్‌లో వస్తే పిల్లవాడు ఇంగ్లీషులోకి దూకాల్సిన అవసరం సగానికి సగం తగ్గిపోతుంది.

మా తరగతిలో యాభై మంది ఉన్నారు. అందరినీ ఎలా మాట్లాడించాలి?

లెక్క వేసుకోండి. యాభై నిమిషాల పీరియడ్‌లో ఒక్కొక్కరినీ లేపి అడిగితే తలా ఒక నిమిషం, అదీ మీరు మాట్లాడకుండా ఉంటే. అదే జంటలుగా కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడిస్తే తలా ఐదు నిమిషాలు. పెద్ద తరగతిలో జంటల పని తప్ప వేరే దారి లేదు.

అయితే ‘పక్కవాళ్ళతో మాట్లాడండి’ అని వదిలేస్తే రెండో నిమిషానికి తెలుగులో సినిమా కబుర్లు మొదలవుతాయి. మాట్లాడక తప్పని పరిస్థితి కల్పించాలి. ఒకరి దగ్గర ఉన్న సమాచారం ఇంకొకరి దగ్గర ఉండకూడదు. నేను ఎక్కువగా వాడేది రైళ్ళ టైమ్‌టేబుల్. ఒకే పట్టిక రెండు కాగితాల మీద, ఒకదాంట్లో బయల్దేరే సమయాలు ఖాళీ, ఇంకోదాంట్లో ప్లాట్‌ఫామ్ నంబర్లు ఖాళీ. సికింద్రాబాద్, కాజీపేట, వరంగల్, ఖమ్మం, విజయవాడ, మన ఊళ్ళే పెట్టండి. ఊరి పేర్లు తెలిసినవే కాబట్టి బుర్రంతా జర్మన్ మీదే ఉంటుంది. కాగితం చూపించుకోకుండా అడిగి నింపుకోవాలి. బెంచీ మధ్యలో ఒక పుస్తకం అడ్డంగా నిలబెట్టమనండి.

గోల గురించి: గోల ఉంటుంది. పక్క తరగతి టీచర్‌కి ముందే చెప్పి పెట్టుకోండి. ఆపడానికి మీ గొంతు వాడకండి, చిన్న గంట తెచ్చుకోండి. గంట మోగాక పది సెకన్లలో నిశ్శబ్దం అన్న అలవాటు రెండు వారాల్లో కుదురుతుంది. మీరు వరుసల మధ్య తిరుగుతూ చెవిన పడిన తప్పులు చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. చివరి ఐదు నిమిషాలు ఎవరి పేరూ చెప్పకుండా ఆ వాక్యాలు బోర్డు మీద పెట్టి అందరితో సరిచేయించండి.

కొందరు అసలు నోరే విప్పరు. ఏం చేయాలి?

ముందు మీరు ఎంతసేపు ఆగుతున్నారో చూసుకోండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు తరగతి గదుల్లో గమనించి చెప్పింది ఇది: ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారు, దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగవుతాయి, జవాబిచ్చేవాళ్ళూ పెరుగుతారు. ఆమె చూసింది సైన్స్ తరగతులు. పరాయి భాషలో అయితే నా అనుభవంలో ఐదారు సెకన్లు కావాలి. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి. ఆ నిశ్శబ్దం మీకు యుగంలా అనిపిస్తుంది, పిల్లవాడికి వాక్యం కూర్చుకోవడానికి సరిపోతుంది.

తర్వాత, లేపి నిలబెట్టి అడగడం మానేయండి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన వాళ్ళకి ఇంగ్లీషు తరగతిలో నిలబడి నవ్వులపాలైన జ్ఞాపకం ఉంటుంది. ఖమ్మం దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక నర్సమ్మాయి మూడు వారాలు పెదవి విప్పలేదు. ఆమెకు తెలుగులో ఒక్క మాట చెప్పాను: ‘జర్మన్ దగ్గర ఇక్కడ అందరూ ఒకటో తరగతే తల్లీ, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు కూడా.’ అది నిజం కూడా. కాన్వెంట్ పిల్లలకన్నా ‘నాకు చలిగా ఉంది’ ఆమెకే ముందొచ్చింది. భయంతో బిగుసుకున్న చెవికి ఏదీ ఎక్కదు. ఆ టెన్షన్ తీసేయడం మన పనిలో సగం.

ఏకబిగిన మాట్లాడాల్సి వచ్చినప్పుడు ముందు పక్కవాళ్ళకి చెప్పనివ్వండి, తర్వాతే తరగతికి. ఒకే విషయాన్ని ముగ్గురు వేర్వేరు మనుషులకి, మొదట నాలుగు నిమిషాలు, తర్వాత మూడు, తర్వాత రెండు నిమిషాల్లో చెప్పించే పద్ధతి ఒకటుంది. మూడోసారికి మాట జారుడుగా వస్తుంది. చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

తప్పు మాట్లాడితే వెంటనే సరిదిద్దాలా?

ఆ నిమిషంలో పని ఏమిటన్న దాన్ని బట్టి. వ్యాకరణం సాధన చేస్తుంటే వెంటనే. కథ చెబుతుంటే, తన ఊరి గురించి చెబుతుంటే ఆగండి, ముగించనివ్వండి.

ఎలా సరిదిద్దుతామన్నది ఇంకా ముఖ్యం. పిల్లవాడి తప్పు వాక్యాన్ని సరిచేసి మనమే తిరిగి చెప్పడం అందరూ చేస్తాం. కెనడాలో ఫ్రెంచ్ తరగతులను గమనించి లిస్టర్, రాంటా అనే పరిశోధకులు 1997లో ప్రచురించిన అధ్యయనంలో టీచర్లు అన్నిటికన్నా ఎక్కువగా వాడేది ఇదే పద్ధతి, పిల్లలు తమ తప్పు తాము దిద్దుకోవడం అతి తక్కువగా జరిగేదీ దీనితోనే. కారణం తేలికగానే ఊహించవచ్చు. టీచర్ తలూపి ఏదో అన్నారు, ఒప్పుకున్నారేమో అనుకుంటాడు. దాని బదులు తప్పు దగ్గర ఆపండి. ‘ఇహ్ బిన్…?’ అని సాగదీసి వాళ్ళ వంక చూడండి. లేదా చేతి వేళ్ళు ఒక్కో మాటకు ఒక్కటి చొప్పున చూపించి, తప్పున్న వేలిని పట్టుకోండి. దిద్దుబాటు వాళ్ళ నోటి నుంచే రావాలి.

డేర్, డీ, డస్ గుర్తుండేలా ఎలా నేర్పాలి?

అందరూ అడిగే ప్రశ్న ఇది. జర్మన్‌లో నామవాచకం ముందు దాని లింగాన్ని బట్టి డేర్ (పుంలింగం), డీ (స్త్రీలింగం), డస్ (నపుంసకం) పెట్టాలి. కంచం పక్కన పెట్టే మూడు వస్తువులు చూడండి. చెంచా పుంలింగం, ఫోర్క్ స్త్రీలింగం, చాకు నపుంసకం. ఎందుకని అడిగితే జవాబు లేదు. ‘లాజిక్ వెతకకండి’ అని మొదటే చెప్పేయండి.

పదం చివర చూసి చెప్పగలిగేవి కొన్ని ఉన్నాయి, అవి ముందు నేర్పండి. ‘ఉంగ్’, ‘హైట్’, ‘కైట్’ చేర్చి చేసిన నామవాచకాలు స్త్రీలింగం. చిన్నదని చెప్పే ‘హెన్’ చేరితే నపుంసకం. అందుకే ‘అమ్మాయి’ అన్న మాట కూడా జర్మన్‌లో నపుంసకమే. దీనికి ఇంగ్లీషు పుస్తకాలు నోరెళ్ళబెడతాయి. మనం ‘అమ్మాయి వచ్చింది’, ‘కుక్క వచ్చింది’ అని ఒకే క్రియ వాడేవాళ్ళం, మనకు అంత వింత కాదు. మన వ్యాకరణంలో మహత్తు, అమహత్తు అన్న విభజన ఉంది కదా. వ్యాకరణ లింగం వేరు, మనిషి వేరు అని తెలుగు పిల్లలకు ఒక్క వాక్యంలో అర్థమవుతుంది.

మిగతాదంతా సాధన. డేర్, డీ, డస్ లేకుండా నామవాచకాన్ని ఒంటరిగా ఎప్పుడూ రాయనివ్వకండి. లింగానికి ఒకటి చొప్పున మూడు రంగుల కలాలు పెట్టండి: నీలం, ఎరుపు, ఆకుపచ్చ. గోడల మీద, కుర్చీ మీద, కిటికీ మీద అదే రంగు చీటీలు. నోట్‌బుక్‌లో నల్ల సిరాతో నామవాచకం కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి. ఈ ఒక్క విషయంలో నేను చాలా కచ్చితంగా ఉంటాను.

మాటలు నేర్చుకున్న వారానికే మర్చిపోతున్నారు.

మర్చిపోవడం సహజం. 1885లోనే హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు తన మీదే ప్రయోగాలు చేసుకుని, నేర్చిన దాంట్లో ఎక్కువ భాగం మొదటి ఒకటి రెండు రోజుల్లోనే పోతుందని చూపించాడు. మందు కూడా జర్మన్‌లో రాసిన ఒక రచయితే చెప్పాడు. సెబాస్టియన్ లైట్నర్ 1970ల్లో ప్రచారం చేసిన అట్టపెట్టె పద్ధతి. పెట్టెలో ఐదు అరలు. చీటీకి ఒక వైపు తెలుగు, ఇంకో వైపు జర్మన్. గుర్తొస్తే చీటీ తర్వాతి అరకు వెళ్తుంది, రాకపోతే మొదటి అరకు వచ్చేస్తుంది. మొదటి అర రోజూ, రెండోది రెండు రోజులకోసారి, అలా వెనక అరలకు ఎడం పెరుగుతుంది. ఫోన్ యాప్‌లు చేసేదీ ఇదే. కానీ చేత్తో రాసిన చీటీ, పాత చెప్పుల పెట్టె నా పిల్లల దగ్గర ఎక్కువ కాలం నిలిచాయి.

రోజుకి పది మాటలు చాలు. ముప్ఫై ఇస్తే మూడే మిగులుతాయి.

వల్లె వేయించడం పాత పద్ధతి కదా?

నేను వల్లె వేయిస్తాను, సంకోచం లేకుండా. ఎక్కాలూ వేమన పద్యాలూ నోటికి వచ్చిన పిల్లలు మనవాళ్ళు. ఆ శక్తిని వదులుకోవడం దండగ. పనికిరానిది పట్టికల వల్లె. ‘డేర్, డెన్, డేమ్, డెస్’ అని పట్టిక అప్పజెప్పిన పిల్లవాడికి వాక్యంలో ఏది వాడాలో తెలియదు. వాక్యాలు వల్లె వేయించండి. ‘మిట్ డేమ్ బుస్’ (బస్సులో), ‘ఇన్ డేర్ షూలె’ (స్కూల్లో), ‘ట్సు హౌజె’ (ఇంట్లో) లాంటి ముక్కలు లయతో, చప్పట్లతో, ఒక వరుస అడిగితే ఇంకో వరుస జవాబు చెప్పేలా. నోరు తిరిగాక వ్యాకరణం చెబితే, ‘ఓహో, అందుకా!’ అంటారు. నియమం ముందు చెప్పి నోరు తిప్పమంటే చాలామంది మధ్యలోనే ఆగిపోతారు.

వినడం ఎలా నేర్పాలి? ఆడియో పెడితే బిక్కమొహం వేస్తున్నారు.

ఒకేసారి అంతా అర్థం కావాలని ఆశిస్తున్నందుకు. మొదటిసారి ఒకే ప్రశ్న ఇవ్వండి: ఎంతమంది మాట్లాడుతున్నారు, ఎక్కడ ఉన్నారు? రెండోసారి అంకెలు మాత్రం పట్టుకోమనండి. మూడోసారి వివరాలు. కాగితం చివర్లోనే చూపించండి.

జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెల్లె నెమ్మదిగా చదివే వార్తలు ఉచితంగా ఇస్తుంది, పాఠంతో సహా. ఇవి బీ1 (మూడో మెట్టు) దాటాక బాగుంటాయి. ఏ1 వాళ్ళకి అదే సంస్థ తీసిన ‘నీకోస్ వేక్’ వీడియోలు ఉన్నాయి. నిమిషం నిడివి ముక్కను శబ్దం లేకుండా చూపించి, వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో ఊహించమనండి. ఆ తర్వాత శబ్దంతో.

పరీక్షే లక్ష్యమైతే పరీక్ష పేపర్లే చేయిస్తే సరిపోదా?

జర్మన్ భాష నేర్పే గోథె సంస్థ పెట్టే ఏ1 పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం ఉంటాయి. 100కి 60 వస్తే పాస్. మాట్లాడే భాగం గుంపుగా జరుగుతుంది: తమను పరిచయం చేసుకోవడం, కార్డు మీది మాటతో ప్రశ్న అడిగి జవాబివ్వడం, ఏదైనా కావాలని అడగడం. ఈ తీరు పిల్లలకు తెలిసి ఉండాలి. చివరి రెండు మూడు వారాలు దానికి కేటాయించండి, చాలు.

మొదటి రోజు నుంచీ పేపర్లే చేయిస్తే ఏమవుతుందో నేను చూశాను. పరిచయం గడగడా అప్పజెప్పిన అబ్బాయి, ‘మీ ఊరు పెద్దదా?’ అని మామూలుగా అడిగేసరికి నీళ్ళు నమిలాడు. సర్టిఫికెట్ ఉంది, భాష లేదు. మ్యూనిక్‌లో దిగాక ఆ సర్టిఫికెట్ ఇల్లు వెతికిపెట్టదు.

హోంవర్క్‌లో ట్రాన్స్‌లేట్ యాప్ వాడేస్తున్నారు.

రాసే పని తరగతిలో, చేత్తో చేయించండి. ఇంటికి వినేదీ మాట్లాడేదీ ఇవ్వండి: ఒక నిమిషం వాయిస్ మెసేజ్, ఈ రోజు ఏం తిన్నారో, ఎవరిని కలిశారో. యాప్‌ని పూర్తిగా నిషేధించను. నెలకోసారి యాప్ ఇచ్చిన తెలుగు-జర్మన్ అనువాదం తెచ్చి, అందులో తప్పులు పట్టమంటాను. ‘మనం’, ‘మేము’ రెంటికీ జర్మన్‌లో ఒకే మాట ఉంటుందని నా పిల్లలు అలా వెతుకుతూ కనిపెట్టారు.

అక్కడి జీవితం గురించి ఎంత చెప్పాలి?

పండగలూ కోటలూ తక్కువ, రోజువారీ బతుకు ఎక్కువ. ఆదివారం కొట్లు మూసి ఉంటాయి. సీసాకు కట్టిన డిపాజిట్ ఉంటుంది, ఒక్కసారి వాడే సీసాలకు 25 సెంట్లు, షాపులో వెనక్కిస్తే డబ్బు తిరిగొస్తుంది. చెత్త వేర్వేరు డబ్బాల్లో వేయాలి. అపాయింట్‌మెంట్ లేకుండా ఏ పనీ జరగదు. ఇవన్నీ జర్మన్‌లోనే, నటిస్తూ నేర్పవచ్చు. చెత్త పాఠానికి నేను నాలుగు రంగుల బకెట్లు, ఇంట్లో పోగైన ప్యాకెట్లు తీసుకెళ్తాను. అరటి తొక్క, పాల ప్యాకెట్, న్యూస్‌పేపర్ ఎక్కడ వేయాలో వాదించుకుంటూ పిల్లలు ‘ఎందుకంటే’ వాక్యాలు ఎన్ని మాట్లాడతారో! ఏ వ్యాకరణ అభ్యాసమూ అన్ని వాక్యాలు రప్పించదు.

నేను జర్మనీ వెళ్ళలేదు. నేను నేర్పవచ్చా?

నేర్పవచ్చు. ఈ దారిలో ఎక్కడ కాలు జారుతుందో నడిచిన మీకు తెలుసు. పుట్టుకతో జర్మన్ మాట్లాడే వ్యక్తికి ‘టిష్షు’ ఎందుకొస్తుందో తెలియదు. కానీ మీ భాష తుప్పు పట్టకుండా చూసుకోవాలి. హైదరాబాద్‌లో గోథె సెంట్రుమ్ ఉంది. 1958లో ఇంగ్లీషు సంస్థగా మొదలై, 1972లో విదేశీ భాషలను చేర్చుకున్న ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉంది. అక్కడి కార్యక్రమాలకు వెళ్ళండి, తోటి టీచర్లతో వారానికోసారైనా జర్మన్‌లో మాట్లాడండి. రోజూ పావుగంట గట్టిగా చదవండి.

జపనీస్, ఫ్రెంచ్‌లకు కూడా తెలుగు ఇలాగే పనికొస్తుందా?

జపనీస్‌కి ఇంకా ఎక్కువ. క్రియ ఎప్పుడూ చివరే, విభక్తి ప్రత్యయాలు మాట వెనకే చేరతాయి, గౌరవ రూపాలు ఉన్నాయి. ఫ్రెంచ్‌కి వరుస విషయంలో సాయం తక్కువ, ‘నువ్వు-మీరు’ విషయంలో అంతే సాయం.

నర్సుల బ్యాచ్ వచ్చింది. వాళ్ళకు ప్రత్యేకంగా ఏం చేయాలి?

అక్కడ నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 (నాలుగో మెట్టు) దాకా చదవాలి, కాబట్టి ఓపిక కావాలి. పుస్తకంలో ‘షాపింగ్’ పాఠం వస్తే దాన్ని వార్డులోకి మార్చండి. ‘ఎక్కడ నొప్పి?’ ‘రాత్రి నిద్ర పట్టిందా?’ ‘మందు తిన్నాక వేసుకున్నారా, తినకముందా?’ వాళ్ళకి వృత్తి బాగా తెలుసు, మీకు తెలియదు. వాళ్ళని మీకు నేర్పమనండి, జర్మన్‌లో. ఆ క్షణంలో వాళ్ళ గొంతు మారిపోతుంది.

ఇక అంకెలు. వార్డులో అంకె తప్పు వింటే ప్రాణం మీదికి వస్తుంది. 47ని 74గా వినడం జర్మన్‌లో చాలా తేలిక, ఎందుకంటే ఒకట్ల స్థానం ముందు వినిపిస్తుంది. తరగతి మొదలయ్యే ఐదు నిమిషాలూ రోజూ అంకెలే. బీపీ 120/80ని వాళ్ళు ‘120 ట్సూ 80’ అంటారు. నేను బీపీ, నాడి, జ్వరం, మందు మోతాదు వేగంగా చదువుతాను, వాళ్ళు చార్టులో రాస్తారు. రాసేటప్పుడు ఒకట్లు వినగానే కుడి గడిలో వేసి, పదులు విన్నాక ఎడమ గడి నింపమంటాను. నెల తర్వాత చార్టు వాళ్ళ చేతికే ఇచ్చి, చదివే పని వాళ్ళకే అప్పగిస్తాను. నేను రాస్తాను, వాళ్ళు నా చార్టు దిద్దుతారు.